మార్చుకోలేనిదాని మీదే మొదటి రూపాయి

ఫొటోల పనికి ల్యాప్‌టాప్ ఎంచుకునే పద్ధతి

ల్యాప్‌టాప్ కొందామని షాపుకి వెళ్తే మొదట వినిపించే మాట "బడ్జెట్ ఎంత సార్?" అని. ఆ వెంటనే "ఐ5 చూపించమంటారా, ఐ7 చూపించమంటారా?" అని అడుగుతారు. ఈ రెండింటికీ జవాబు చెప్పేలోపే ఎంపిక సగం అయిపోతుంది. ఫొటోలు సర్దుకోవడానికి, దిద్దుకోవడానికి కొంటున్నవాళ్లు మాత్రం అంతకంటే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. మీ దగ్గర ఎన్ని ఫొటోలున్నాయి? ఒక్కోటి ఎంత పెద్దది? వాటితో మీరు చేసే పనేమిటి? ఈ జవాబులు చేతిలో ఉంటే షాపులో ఎవరేం చెప్పినా మీ నిర్ణయం మీదే అవుతుంది.

ఈ అధ్యాయం అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో కొన్ని భాగాలను కొన్నాక మార్చుకోలేం. కొన్నింటిని ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవచ్చు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మొదటి రూపాయి మార్చుకోలేనిదాని మీద పెట్టాలి. తెర ఎలాంటిది కొంటే అదే చివరిదాకా ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికి ఉంటాయి. సన్నటి మోడళ్లలో ర్యామ్ కూడా అంతే. ఫొటోలు దాచుకునే చోటు ఒక్కటే బయటి డ్రైవ్ రూపంలో ఎప్పుడైనా కలుపుకోవచ్చు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలు ప్రాసెసర్‌కి, స్టోరేజ్‌కి దక్కుతాయి. ఫొటోల పనికి ప్రాణమైన తెర గురించి తరచూ సైజు తప్ప ఇంకేమీ రాయరు. అందుకే తెర సంగతి మీరే అడగాలి.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి

ఫొటోల పని చేసేవాళ్లను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం, ఇంటి ఫొటోలు సర్దుకునేవాళ్లు. ఫోన్లో తీసినవి, వాట్సాప్‌లో వచ్చినవి, పాత సీడీల్లో ఉన్నవి, స్కాన్ చేయించిన తాతల నాటి ఫొటోలు. వీటిని ఒకచోట చేర్చి, నకళ్లు తీసేసి, ఎవరెవరున్నారో రాసిపెట్టుకుని, అక్కడక్కడా వెలుతురు సరిచేయడం వీళ్ల పని. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో జేపెగ్‌లో సాధారణంగా 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. ఇరవై వేల ఫొటోలున్నా 100 జీబీ దాటకపోవచ్చు.

రెండో రకం, కెమెరా కొనుక్కుని, అది పట్టిన సమాచారాన్నంతా దాచుకునే రా ఫైళ్లలో తీసే అభిరుచి ఉన్నవాళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైలు చాలావరకు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. జేపెగ్ ఒక్కో రంగుకు 256 మెట్లు దాచుకుంటే, 14 బిట్ల రా ఫైలు 16,384 మెట్లు దాచుకుంటుంది. నీడలో మునిగిన ముఖాన్ని రా ఫైల్లోంచి వెలికి తీయగలిగేది అందుకే. ఆ సమాచారాన్నంతా మోయాల్సిన భారం మాత్రం ల్యాప్‌టాప్ మీద పడుతుంది.

మూడో రకం, ఫొటోలే బతుకుతెరువుగా ఉన్న స్టూడియో వాళ్లు. ఒక పెళ్లికి మూడు వేల రా ఫైళ్లు తీస్తే 75 జీబీకి పైమాటే. ఆ తర్వాత సెలెక్షన్, కలర్ కరెక్షన్, ఆల్బమ్ డిజైనింగ్. మన దగ్గర వాడుకలో ఉన్న 12 బై 36 అంగుళాల కరిష్మా ఆల్బమ్ షీటును అంగుళానికి 300 చుక్కల లెక్కన తయారుచేస్తే 10,800 బై 3,600 పిక్సెళ్లు అవుతుంది. అంటే దాదాపు 39 మెగాపిక్సెళ్లు. షీటంతా పరుచుకున్న ఒక్కో లేయర్ మెమరీలో 110 ఎంబీకి పైగా తీసుకుంటుంది. ఫొటోలు, పూల అంచులు, నీడలు, అక్షరాలు కలిపి ఇరవై లేయర్లయితే ల్యాప్‌టాప్ ఎందుకు మొరాయిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

మీరు ఏ రకమో ఒక కాగితం మీద రాసుకోండి. రేపు కాబోయేదాన్ని కాకుండా ఇవాళ చేస్తున్న పనిని రాయండి. దానికి రెండు మూడేళ్ల ఎదుగుదల మాత్రం కలపండి.

తెర: మీ కన్నుకూ ఫొటోకూ మధ్య సాక్షి

తెర సరైన రంగు చూపించకపోతే మీరు చేసే దిద్దుబాటే తప్పవుతుంది. ఇది ఎలా జరుగుతుందో చూడండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అనే రకం తెర ఉంటుంది. ఇంటర్నెట్‌కు, ఫోన్లకు, చాలా ప్రింటింగ్ ల్యాబ్‌లకు ప్రామాణికమైన ఎస్ఆర్‌జీబీ రంగుల పరిధిలో ఈ తెర చూపగలిగేది సుమారు 60 నుంచి 65 శాతమే. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర దానిమీద వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీరు రంగు పెంచుతారు. అదే ఫైలు మంచి ఫోన్లో చూసినా, ఆల్బమ్‌లో అచ్చయినా చీర మండిపోతున్నట్టు, ముఖాలు కందిపోయినట్టు ఉంటాయి. పసుపు, కుంకుమ, మెరూన్ అంచు, బంగారం ఉన్న మన ఫొటోల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కాబట్టి తెర విషయంలో ఈ కొలతలు గుర్తుంచుకోండి.

ఎస్ఆర్‌జీబీ 100 శాతానికి దగ్గరగా ఉండాలి. వివరాల్లో '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉన్నా దాదాపు అదే అర్థం. డీసీఐ-పీ3 ఎక్కువ శాతం అని ఉంటే ఇంకా విశాలమైన పరిధి అన్నమాట. ఏమీ రాయకుండా వదిలేస్తే తక్కువ రకమేమోనని అనుమానించండి. పూర్తి మోడల్ నంబరు పట్టుకుని తయారీదారు వెబ్‌సైట్‌లో చూడండి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌కు రెండు మూడు రకాల తెరలుండటం మామూలే. పేరు చూసి కొనకండి, నంబరు చూసి కొనండి.

ఐపీఎస్ లేదా ఓఎల్ఈడీ రకం కావాలి. పాత టీఎన్ రకం తెర ముందు తల కొంచెం పైకో కిందికో జరిపితే ఫొటో వెలుతురే మారిపోతుంది. ఓఎల్ఈడీలో నలుపు నిజమైన నలుపుగా, రంగులు నిండుగా ఉంటాయి. అయితే మెనూల వంటి కదలని బొమ్మలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే ఆ ముద్ర తెరమీద మిగిలిపోయే అవకాశం ఉంది. రోజుకు పది గంటలు ఒకే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచే స్టూడియోకి మంచి ఐపీఎస్ నిశ్చింత. సాయంత్రాలు మాత్రమే పనిచేసుకునేవాళ్లకు ఓఎల్ఈడీ చక్కగా సరిపోతుంది.

వెలుతురు 300 నిట్స్, ఆపైన ఉంటే మంచిది. పగటిపూట కిటికీ పక్కన కూర్చునే గదుల్లో 250 నిట్స్ తెర మసకగా అనిపిస్తుంది. ఆ మసకను నమ్మి ఫొటోకు వెలుతురు పెంచేస్తారు.

పిక్సెళ్ల సంఖ్య ఫుల్ హెచ్‌డీతో మొదలవ్వాలి. 14 అంగుళాల తెరకు 1920 బై 1200, వీలైతే 2560 బై 1600 ఎంచుకోండి. 16:10 నిష్పత్తి తెరలో కింద కొంత చోటు ఎక్కువ దొరుకుతుంది. ఫొటోల వరస, పరికరాల పట్టీ అక్కడ ఇముడుతాయి. చిన్న తెరమీద 4కే కోసం అదనంగా పెట్టే డబ్బు ర్యామ్ మీద పెడితే ఎక్కువ ఉపయోగం.

గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే ఫొటోల పనికి తిరుగుండదని చాలామంది నమ్మకం. కానీ వాటి మీద రాసే 144 హెర్ట్‌జ్ అనే అంకె బొమ్మ కదలిక ఎంత సాఫీగా ఉంటుందో చెబుతుంది, రంగు ఎంత నిజమో చెప్పదు. చవక గేమింగ్ మోడళ్లలో శక్తివంతమైన గ్రాఫిక్స్ పక్కనే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర కూడా కనిపిస్తుంది. అలాంటిదే తప్పనిసరిగా కొనాల్సివస్తే, 100 శాతం ఎస్ఆర్‌జీబీ ఉన్న ఐపీఎస్ మానిటర్ ఒకటి దానికి జతచేయండి. స్టూడియోలో ఒకేచోట కూర్చుని పనిచేసేవాళ్లకు ఇది మంచి దారి కూడా.

డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లు క్యాలిబ్రేషన్ పరికరం ఒకటి సంపాదించుకోవాలి. స్పైడర్, క్యాలిబ్రైట్ వంటివి తెరమీద ఆనించి రంగులు కొలిచి సరిచేస్తాయి. 6500 కెల్విన్ తెలుపు, 2.2 గామా, ప్రింటు పనికి 100 నుంచి 120 నిట్స్ వెలుతురు అనేవి సాధారణంగా పెట్టుకునే లక్ష్యాలు. నలుగురు స్టూడియో మిత్రులు కలిసి ఒక పరికరం కొనుక్కున్నా సరిపోతుంది.

ర్యామ్: కొనే రోజే తేలిపోవాల్సిన లెక్క

ఇంటి ఫొటోలకు 8 జీబీతో నెట్టుకురావచ్చు, కానీ ఇవాళ కొత్తగా కొంటూ 8 జీబీ దగ్గర ఆగిపోవద్దు. రా ఫైళ్లు దిద్దేవాళ్లకు 16 జీబీ కనీస అవసరం. ఆల్బమ్ డిజైనింగ్, పనోరమాలు, 40 మెగాపిక్సెళ్లు దాటిన కెమెరాలు ఉంటే 32 జీబీ. ర్యామ్ చాలకపోతే ఫొటోషాప్ డిస్కులో కొంత చోటును మెమరీలా వాడుకుంటుంది. డిస్కు ఎంత వేగంగా ఉన్నా ర్యామ్‌తో సమానం కాదు. బ్రష్ కదిపాక గీత ఆలస్యంగా పడటం, సేవ్ కొట్టాక నిమిషాల తరబడి ఎదురుచూడటం తరచూ దీని ఫలితమే.

షాపులో ఇలా అడగండి: "ర్యామ్ బోర్డుకి అతికించి ఉందా, స్లాట్ ఉందా? స్లాట్ ఉంటే ఎంతవరకు పెంచుకోవచ్చు?" స్లాట్ ఉంటే ఇవాళ 16 జీబీతో కొని తర్వాత పెంచుకోవచ్చు. అతికి ఉంటే మూడేళ్ల తర్వాతి అవసరం కూడా ఇవాళే కొనాలి. యాపిల్ 2020 నవంబరులో ఎం1 చిప్‌తో మొదలుపెట్టిన మ్యాక్‌బుక్‌లలో మెమరీ చిప్‌తోనే కలిసి ఉంటుంది, పెంచుకునే మార్గం లేదు.

ప్రాసెసర్, గ్రాఫిక్స్: చివరి అక్షరం చదవండి

ఐ5, ఐ7 అన్న అంకెకంటే మోడల్ నంబరు చివరి అక్షరం ఎక్కువ చెబుతుంది. 'యు' ఉంటే తక్కువ కరెంటుతో నడిచే రకం. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఎడతెగని బరువు పనికి అంత అనువు కాదు. 'హెచ్' ఉంటే ఎక్కువసేపు పూర్తి వేగంతో పనిచేసే రకం. వెయ్యి రా ఫైళ్లను ఒకేసారి జేపెగ్‌లుగా మార్చేటప్పుడు 'యు' రకం ఐ7 కంటే అదే తరం 'హెచ్' రకం ఐ5 ముందు ముగించడం అసాధారణమేమీ కాదు. సర్దుకోవడానికి, చిన్న దిద్దుబాట్లకు 'యు' చాలు.

చల్లబరిచే ఏర్పాటును కూడా చూడండి. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో మరీ సన్నని ల్యాప్‌టాప్ ఇచ్చే వేగానికీ, షోరూమ్ ఏసీలో అదే ల్యాప్‌టాప్ చూపించిన వేగానికీ పొంతన ఉండకపోవచ్చు. గాలి పోయే దారులు అడుగున మాత్రమే ఉన్నాయా, పక్కల్లో కూడా ఉన్నాయా అని తిప్పి చూడండి.

విడిగా గ్రాఫిక్స్ చిప్ అందరికీ అక్కర్లేదు. ఇంటి ఫొటోలవాళ్లు ఆ ఖర్చు పూర్తిగా మానుకోవచ్చు. కానీ చీకట్లో తీసిన ఫొటోల గరుకుదనాన్ని ఏఐతో తీసేసే డీనాయిస్ సౌకర్యం ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోకి 2023లో వచ్చాక లెక్క మారింది. ఆ పని బరువంతా గ్రాఫిక్స్ చిప్ మీదే పడుతుంది. రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు, తక్కువ వెలుతురులో నాట్య ప్రదర్శనలు తీసేవాళ్లు 6 నుంచి 8 జీబీ సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కోసం డబ్బు పెట్టడం న్యాయమే.

స్టోరేజ్, పోర్టులు

లోపలి డ్రైవ్ ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ అయ్యుండాలి. పాత తరహా హార్డ్ డిస్కు సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దాకా, మామూలు ఎన్‌వీఎమ్ఈ రెండు మూడు వేల ఎంబీ దాకా చదువుతుంది. విండోస్, సాఫ్ట్‌వేర్, లైట్‌రూమ్ క్యాటలాగ్, ఇప్పుడు చేస్తున్న పని లోపల ఉంటే చాలు. అయిపోయిన పని బయటి డ్రైవ్‌లోకి వెళ్లాలి. అందుకని 512 జీబీతో మొదలుపెట్టవచ్చు. రెండో ఎస్ఎస్‌డీ స్లాట్ ఉందేమో అడగండి. డ్రైవ్‌లో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

కార్డు పెట్టే స్లాట్ చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ ప్రతి ఈవెంట్ తర్వాత మీ సమయాన్ని తినేదీ మిగిల్చేదీ అదే. 64 జీబీ కార్డును యూఎస్‌బీ 2.0 రీడర్‌తో దింపుకుంటే అరగంట పైనే పడుతుంది. సెకనుకు 90 ఎంబీ చదివే కార్డును యూఎస్‌బీ 3 రీడర్‌లో పెడితే పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. స్లాట్ లేకపోతే మంచి రీడర్ ఒకటి బిల్లులో కలుపుకోండి. బయటి ఎస్ఎస్‌డీ పెట్టుకోవడానికి 10 జీబీపీఎస్ టైప్-సి పోర్టు ఒక్కటైనా ఉండాలి.

మ్యాకా, విండోసా

రెండింటిలోనూ మంచి పని చేయవచ్చు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కూడా పీ3 పరిధి ఉన్న తెర వస్తుంది కాబట్టి అక్కడ రంగుల బెంగ ఉండదు. బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కాకపోతే స్టోరేజ్, మెమరీ కొనే రోజే పెంచుకోవాలి, ఆ పెంపు ఖరీదైనది. విండోస్‌లో అదే డబ్బుకు ఎక్కువ ర్యామ్, గ్రాఫిక్స్ దొరుకుతాయి, తెర మాత్రం వెతికి పట్టుకోవాలి. తెలుగు స్టూడియోలు ఒక సంగతి ముందే చూసుకోవాలి. ఆల్బమ్ టైటిళ్లకు, పెళ్లిపత్రికలకు మీరు వాడుతున్న అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్, ఆల్బమ్ ప్లగిన్లు కొనబోయే యంత్రంలో నడుస్తాయో లేదో అడిగి తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సర్దుకునే అలవాటు లేకపోతే ఎంత మంచి ల్యాప్‌టాప్ అయినా ఒకటే

ఇక్కడిదాకా యంత్రం గురించి. దాన్ని సార్థకం చేసేది మీ అలవాటు. మొదటి రోజు నుంచే ఈ నాలుగు పద్ధతులు పాటించండి.

ఒకటి, ఫోల్డర్ పేరు సంవత్సరంతో మొదలవ్వాలి: '2025-02-14 చిన్నక్క గృహప్రవేశం'. అప్పుడు ఫోల్డర్లు కాలక్రమంలో వాటంతటవే వరసలో నిలబడతాయి.

రెండు, దిద్దడానికి ముందే ఏరండి. ఒకే పోజులో ఉన్న ఎనిమిదింటిలో మంచివి రెండు ఉంచి మిగతావి తీసేయండి. నక్షత్రాల గుర్తులు ఇందుకే ఉన్నాయి.

మూడు, పేర్లు తెలుగులోనే, యూనికోడ్‌లో రాయండి. నానమ్మ పేరు, ఊరి పేరు, సందర్భం ఫొటో వివరాల్లోకి ఎక్కితే పదేళ్ల తర్వాత కూడా వెతుకులాటలో దొరుకుతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు అలా దొరకవు. ఉచితంగా దొరికే డిజిక్యామ్ ఈ పేర్లను ఫొటో ఫైల్లోనే రాసిపెట్టగలదు, ముఖాలను కూడా గుర్తుపడుతుంది. రా ఫైళ్లు దిద్దడానికి డార్క్‌టేబుల్ ఉంది, అదీ ఉచితమే. నెలనెలా చందా కట్టే ముందు ఈ రెండూ వాడి చూడండి.

నాలుగు, మూడు ప్రతులు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇది. ప్రతి ఫొటోకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో ఊళ్లో అన్నయ్య ఇంట్లోని డిస్కులోనో మూడోది. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇప్పుడు ఉచితంగా ఉన్నది 15 జీబీ. అందులోనూ 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుంటే 16 మెగాపిక్సెళ్లు దాటిన ఫొటోలు కుదించుకుపోతాయి. అసలు నాణ్యతలో దాచుతున్నారో లేదో సరిచూసుకోండి.

ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఈనాటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అవి మిగలడానికి కారణం ఎవరో ఒకరు వాటిని భద్రం చేయాలనుకోవడమే. మన ఇంటి ఫొటోలకు ఆ 'ఎవరో ఒకరు' మనమే కావాలి.

షాపులో అరగంట

మీ ఫొటోలు పది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. ఎర్ర పట్టుచీర, పసుపు రాసిన పాదాలు, రకరకాల చామనఛాయల ముఖాలు, సాయంత్రపు ఆకాశం, బాగా చీకటిగా ఉన్నది ఒకటి తప్పక ఉండాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో అయినా, మీ ఊరి షోరూమ్‌లో అయినా రెండు మూడు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టించి అదే ఫొటోను వాటిలో తెరవమనండి. తేడా మీ కంటికే తెలుస్తుంది. ఆపైన ఇవి చూడండి:

• పక్కనుంచి, పైనుంచి చూస్తే రంగు మారుతోందా?
• చీకటి ఫొటోలో జుట్టు పోగులు విడిగా కనిపిస్తున్నాయా, నల్లటి ముద్దలా ఉన్నాయా?
• పూర్తి మోడల్ నంబరు, తెర రకం, ర్యామ్ స్లాట్ వివరం కాగితం మీద రాసిచ్చారా?
• వారంటీ వాళ్లే ఇంటికొచ్చి చేసేదా, మనం సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలా? ఆ సెంటర్ మీ ఊళ్లో ఉందా, జిల్లా కేంద్రంలో ఉందా?
• జీఎస్‌టీ బిల్లు, బాక్సు మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు సరిపోయాయా?

ఈ వారం చేయాల్సిన పని

ఇవాళ సాయంత్రం మీ ఫోన్, పాత కంప్యూటర్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ చూసి మొత్తం ఫొటోలు ఎన్ని జీబీలో రాయండి. దాని పక్కన మీరు మూడు రకాల్లో ఎవరో రాయండి. మూడో వరసలో బడ్జెట్ రాసి, అందులోంచి బయటి హార్డ్ డిస్కు ఖర్చు ముందే తీసి పక్కన పెట్టండి. మిగిలినదే ల్యాప్‌టాప్ డబ్బు. దాన్ని ఈ వరసలో ఖర్చుపెట్టండి: తెర, ర్యామ్, ప్రాసెసర్, అవసరమైతే గ్రాఫిక్స్, చివరగా లోపలి స్టోరేజ్. డబ్బు చాలకపోతే కింది నుంచి కోస్తూ రండి, తెర దగ్గరికి వచ్చేసరికి ఆగండి. తెర మీద రాజీపడక తప్పకపోతే కొనుగోలును రెండు నెలలు వాయిదా వేయండి. కొన్న రోజు రాత్రి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ముందు, పాత ఫొటోలన్నీ ఆ హార్డ్ డిస్కులోకి ఒక ప్రతి తీయండి. దిద్దుకోవడానికి ఇంకా జీవితమంతా ఉంది, పోయిన ఫొటోను తిరిగి తీయడానికి మాత్రం ఆ రోజు మళ్లీ రాదు.